దేవుడి గదుల్లో జిల్లా కచేరీ

తిరుచానూరులో పద్మావతి నిలయం ఎవరికోసం కట్టారో విడమర్చి చెప్పనక్కర్లేదు. అమ్మవారి దర్శనానికి వచ్చిన యాత్రికులు స్నానంచేసి, కాసేపు నడుం వాల్చి, కొండకు బయలుదేరడానికి తిరుమల తిరుపతి దేవస్థానం కట్టించిన వసతి సముదాయం అది. 2020లో కరోనా ముంచుకొచ్చినప్పుడు కొవిడ్ కేర్ సెంటర్ అయింది. ఆ గండం గడిచాక యాత్రికులకు తెరుస్తారనుకుంటే, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టిన రోజున తిరుపతి జిల్లా కలెక్టరేట్ అయి కూర్చుంది. భక్తుల కోసం కట్టినదాన్ని ప్రభుత్వ ఆఫీసుకు ఎలా ఇస్తారని హైకోర్టులో కేసు పడింది. సింగిల్ జడ్జి ఆపమన్నారు, డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. జిల్లా యంత్రాంగం సామాను దించుకుంది.

అప్పట్లో అందరూ అనుకున్నది ఒకటే: ఇది కొన్నాళ్ల ముచ్చట, సొంత భవనం వచ్చేదాకా సర్దుబాటు. మన ప్రభుత్వాల నిఘంటువులో ‘తాత్కాలికం’ అన్న మాటకున్నంత దీర్ఘాయువు మరే మాటకూ లేదు. సూళ్లూరుపేట రైతు, వితంతు పింఛనుదారు, శ్రీకాళహస్తి విద్యార్థి సోమవారం నాడు అర్జీ చేతపట్టుకుని ఇప్పటికీ ఆ యాత్రికుల బస గుమ్మమే ఎక్కుతున్నారు.

ఈ జిల్లాకు కన్నతల్లి చిత్తూరు. దాని కథ దీనికి పూర్తిగా తలకిందులు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు కేంద్రమైంది. శతాబ్దం పాటు కచేరీ, కోర్టు, ఖజానా, జైలు, దొరల బంగళాలు అక్కడే పెరిగాయి. చిత్తూరులో గ్రీమ్స్‌పేట అనే పేరు ఈనాటికీ ఒక దొర జ్ఞాపకమే. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి వైపు భాగాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తీసుకుని చిత్తూరు జిల్లా చేసినప్పుడు కొత్త జిల్లాకు ఒక్క గోడ కట్టవలసిన పని పడలేదు. పాత జిల్లా కచేరీలన్నీ కొత్త జిల్లాకే మిగిలాయి. తట్టాబుట్టా సర్దుకుని వేలూరుకు మారవలసి వచ్చింది ఉత్తర ఆర్కాటు కలెక్టరే. అంటే 1911లో విడిపోయిన బిడ్డకు ఇల్లు దక్కింది, తల్లి వీధిన పడింది. 2022లో తల్లికి ఇల్లు మిగిలింది, బిడ్డ సత్రం చేరింది.

జిల్లాను పుట్టించడానికి గెజిట్‌లో ఒక ప్రకటన చాలు. దానికి గోడలు లేవాలంటే స్థలం, సొమ్ము, టెండరు, ఇసుక, సిమెంటు, అన్నిటికీ మించి బిల్లు పడుతుందన్న నమ్మకం కావాలి. మొదటిది ఒక పూటలో అవుతుంది గనుక దానికి పండగ చేస్తారు. రెండోదానికి ఏళ్లు పడతాయి గనుక ఎవరూ మాట్లాడరు. రాయలసీమకు ఈ అనుభవం కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టి కర్నూలు రాజధాని అయినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. ఆ గుడారాల స్థానంలో భవనాలు లేచేలోపే, 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది.

పొరుగు తెలుగు రాష్ట్రాన్ని చూసినా ఒక పాఠం దొరుకుతుంది. 2016 దసరా నాడు తెలంగాణ 21 కొత్త జిల్లాలను చేసినప్పుడు అక్కడా మొదట అద్దె భవనాలే, కాలేజీ హాళ్లే దిక్కయ్యాయి. అయితే అన్ని శాఖలూ ఒకే కప్పు కింద ఉండేలా సమీకృత కలెక్టరేట్లు కట్టాలని ఒక పద్ధతి పెట్టుకున్నారు. 2021 జూన్‌లో సిద్దిపేట, కామారెడ్డి కలెక్టరేట్లు తెరుచుకున్నాయి. అన్ని జిల్లాల్లో అంత వేగంగా అయిందని కాదు. ఐదేళ్లలో కొన్నయినా కళ్లెదుట నిలబడ్డాయి, ఒక నమూనా కుదిరింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు అలాంటి పద్ధతి ఒకటి ముందుగా అనుకుని ఉంటే, తిరుపతి కలెక్టరు దేవస్థానం గదుల కేసి చూడవలసిన అవసరం వచ్చేది కాదు.

అసలు తిరుపతిలో ఒక విచిత్రం ఉంది. ఇక్కడ ప్రజావసర కట్టడం ఏది చూసినా దాని వెనుక శ్రీవారి హుండీ ఎంతో కొంత కనిపిస్తుంది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దేవస్థానం అండ ఉంది. స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులకూ ఉంది. చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరులో తెరుచుకున్నది దేవస్థానం చొరవతోనే, అదీ బర్డ్ ఆవరణలోని పాత భవనాన్ని మార్చి. నగరాన్ని చీల్చుకుంటూ పోయే ఎత్తు రోడ్డు సంగతి ఇంకా స్పష్టం: ఖర్చులో మూడింట రెండు వంతుల వాటా దేవస్థానానిది, మిగతా వంతు స్మార్ట్ సిటీ సంస్థది. 2019 ఎన్నికల ముందు ‘గరుడ వారధి’గా మొదలై, 2023 సెప్టెంబరు 18న ‘శ్రీనివాస సేతు’గా పూర్తిస్థాయిలో తెరుచుకుంది. మధ్యలో ప్రభుత్వం మారింది, పేరు మారింది, కరోనా వచ్చింది. అయినా పిల్లర్లు లేచాయి, స్లాబులు పడ్డాయి, బస్టాండు దగ్గర చిక్కుకుని గంటలు గడిపే కొండ బస్సులకు దారి దొరికింది. ఎందుకు ఆగలేదో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. డబ్బిచ్చే చేతి దగ్గర డబ్బుంది.

రాష్ట్ర ఖజానా ఒక్కటే పెట్టుబడి అయిన చోట ఇదే ఊళ్లో, ఇదే ఉమ్మడి జిల్లాలో వేగం ఎలా ఉందో కలెక్టరేట్ చెబుతోంది. మదనపల్లె వైద్య కళాశాల మరీ గట్టిగా చెబుతోంది. 2021 మే 31న రాష్ట్రంలో ఒకేసారి 14 వైద్య కళాశాలలకు అప్పటి ముఖ్యమంత్రి ఆన్‌లైన్‌లో శంకుస్థాపన చేశారు. 2023లో ఐదు కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో మదనపల్లె లేదు. పనులు సగంలో ఉండగా ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో మదనపల్లెతో సహా 10 కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. అది మంచిదా చెడ్డదా అన్న వాదన వేరే. ఇక్కడ గమనించవలసింది, ఒకరు శంకుస్థాపన చేసిన భవనాన్ని ఇంకొకరు పూర్తిచేయవలసి వచ్చినప్పుడు దాని విధానమే మొదటికి రావడం. ఇటుకలు, కాంక్రీటు అన్నీ అక్కడే ఉండి, ఎవరి కోసం, ఏ పద్ధతిలో అన్న ప్రశ్న తిరిగి మొదలైంది. తంబళ్లపల్లె నుంచో, పీలేరు నుంచో గుండె నొప్పితో వచ్చే మనిషికి ఈ రాజకీయం పట్టదు. అతను అంబులెన్సులో ఇంకా తిరుపతి వైపే పోతున్నాడు.

మదనపల్లె పేరు ఎత్తినప్పుడు సబ్ కలెక్టర్ కార్యాలయం గుర్తుకు రాక తప్పదు. కంపెనీ, ఆ తర్వాత బ్రిటిషు ప్రభుత్వం పరిపాలించిన రోజుల నుంచే అది డివిజన్ కేంద్రం. 1860ల్లో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ ఎండ వేడికి తాళలేక పక్క కొండపైన ఇల్లు కట్టుకుంటే, ఆ కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. అంత పాత చరిత్ర ఉన్న సబ్ కలెక్టరేట్‌లో 2024 జులై 21 రాత్రి మంటలు లేచి రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. అది ప్రమాదమా, పన్నాగమా అన్నది దర్యాప్తు తేల్చవలసిన సంగతి. ఒక్కటి మాత్రం ఎవరూ కాదనలేరు. భూముల కాగితాలుండే చోట గట్టి రికార్డు గది, మంటలను పసిగట్టే పరికరం, పనిచేసే కెమెరా ఉండాలన్నది కూడా ప్రభుత్వ భవన నిర్మాణంలో భాగమే. వాటికి శిలాఫలకం వెయ్యడం కుదరదు కాబట్టి వాటి మీద ఎవరికీ ఆసక్తి ఉండదు.

శిలాఫలకాల మాట వస్తే ఈ ప్రాంతంలో మన్నవరాన్ని మించింది లేదు. 2010 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా వచ్చి శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో ఎన్‌టీపీసీ, బీహెచ్‌ఈఎల్ కలిసి పెట్టే విద్యుత్ పరికరాల కర్మాగారానికి పునాది రాయి వేశారు. ఆరు వేల కోట్ల పెట్టుబడి అన్నారు. వందల ఎకరాలు సేకరించారు. వేల ఉద్యోగాలన్నారు. ఆ రోజు పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదివే వయసు. చెప్పిన కర్మాగారం చెప్పిన స్థాయిలో రాలేదు. భూమి ఇచ్చిన రైతుల దగ్గర అడిగితే ఇంతకన్నా ఘాటైన మాటలే వస్తాయి.

అందుకు భిన్నంగా ఏర్పేడులో ఐఐటీని చూడాలి. 2015 మార్చి 28న శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాదే తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆవరణలో తరగతులు మొదలయ్యాయి. పక్కనే ఐసర్ కూడా అదే దారి పట్టింది. ఐఐటీ శాశ్వత ప్రాంగణాన్ని ప్రధాని జాతికి అంకితం చేసింది 2024 ఫిబ్రవరి 20న. తొమ్మిదేళ్లకు దగ్గర. త్వరగా అయిందని ఎవరూ అనరు గాని, విద్యార్థులు ఎక్కడా ఆగలేదు, కేంద్రంలో ఏటా నిధుల పద్దు ఒకటుంది, ఏ భవనం ఎంతవరకు వచ్చిందో సంస్థ వార్షిక నివేదికల్లో కనిపిస్తుంది. అదీ కేంద్రం పనే అయినా, తిరుపతి రైల్వే స్టేషన్‌ను సుమారు 300 కోట్లతో తిరగకడుతున్న పని గడువులు దాటుతూ నడుస్తోంది. రోజూ వేలమంది దిగే స్టేషన్‌ను మూసెయ్యకుండా కట్టడం కష్టమే, దాన్ని తప్పుపట్టడం కొంచెం అన్యాయమే.

ఇంతకీ ప్రభుత్వ భవనాలు కట్టే ఈ పని తెల్లవాళ్లు బాగా చేశారా? ఎవరో ఒకరు ‘ఇంగ్లీషోళ్ల కట్టడం చూడప్పా, ఇప్పటికీ గట్టిగా ఉండాది’ అంటూనే ఉంటారు. గట్టిదనం నిజమే. కథ మాత్రం అంత సాఫీ కాదు. వాళ్ల తొలి పెద్ద కట్టడం చెన్నపట్నం కోట. దానికి అనుమతి మన చంద్రగిరి రాజుల ఏలుబడిలోనిది, దామెర్ల నాయకుల చేతి మీదుగా 1639లో వచ్చింది. 1640లో మొదలైన కోట పూర్తి కావడానికి పదమూడేళ్లు, అంటే 1653 దాకా పట్టింది. మధ్యలో డబ్బు చాలక నానా తంటాలు పడ్డారు. తమాషా ఏమంటే, ఇంత ఖర్చు ఎవరడిగి చేశావని లండన్‌లోని కంపెనీ పెద్దలు కోట కట్టించిన ఆండ్రూ కోగన్‌నే నిలదీశారు. కట్టినవాడు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఇది ఇవాళ మన ఇంజినీర్లకు, మంత్రులకు తెలియవలసిన చరిత్ర.

1911లోనే చిత్తూరు జిల్లాతో పాటు పుట్టిన ఇంకో కట్టడం కొత్త ఢిల్లీ. ఆ డిసెంబరు 12న దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ఐదవ జార్జి ప్రకటించాడు. మూడు రోజులకే రాజదంపతులు శంకుస్థాపన చేశారు. స్థలం చూసుకోకుండా హడావుడిగా వేసిన ఆ రాళ్లు తర్వాత పనికిరాలేదు. ఊరు కట్టడానికి అది సరైన చోటు కాదని తేల్చి, ఆ రాళ్లను తవ్వి రైసీనా గుట్ట వైపు మోసుకుపోయారు. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం. చివరికి ప్రారంభోత్సవం 1931 ఫిబ్రవరి 13న. ఇరవై ఏళ్లు. పదహారేళ్లకు ఆ రాజధానిని మనకు అప్పజెప్పి వెళ్లిపోయారు. ముందు రాయి వేసి తర్వాత స్థలం వెతికే అలవాటు మనం ఎక్కడ నేర్చుకున్నామో దీంతో తేలుతుంది.

ఇంకొక సంగతి మరిచిపోకూడదు. వాళ్లు కచేరీ, ఖజానా, జైలు గట్టిగా కట్టింది శిస్తు వసూలు కోసం, శాంతిభద్రతల కోసం. తిరుమల ఆలయ ఆదాయాన్ని 1801 నుంచి 1843 దాకా కంపెనీ కలెక్టర్లే చూశారు. ఖర్చులు పోను మిగిలినది ఖజానాకు చేరేది. 1843లో హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. 1933లో దేవస్థానం కమిటీ చేతికి వచ్చింది. కొండకు తొలి ఘాట్ రోడ్డు 1944 ఏప్రిల్‌లో మద్రాసు గవర్నరు చేత ప్రారంభమైంది. అంతకు ముందు యాత్రికులు మెట్లెక్కి పోవాలి, లేదా డోలీ ఎక్కాలి. కొండ సొమ్ము తీసుకున్న ప్రభుత్వం కొండకు రోడ్డు వెయ్యలేదు. దేవుడి ఆదాయం మీద కన్నేసి సొంత జేబు తడుముకోని పద్ధతి అలా పాతదే.

2023 అక్టోబరులో దేవస్థానం తన బడ్జెట్‌లో ఒక శాతాన్ని తిరుపతి నగరాభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించినప్పుడు ఎంత దుమారం లేచిందో తెలిసిందే. ప్రభుత్వం ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. అప్పుడు గొంతు చించుకున్నవాళ్లలో చాలామంది పద్మావతి నిలయం గురించి మాట్లాడటం లేదు. రోజూ వేలాది యాత్రికులు వచ్చిపోయే ఊరికి రోడ్డు, మురుగు కాలువ కోసం దేవస్థానం ఖర్చు పెట్టడంలో న్యాయం ఉంది. ఎందుకంటే వాటిని వాడేది యాత్రికులే. జిల్లా కలెక్టరు, సంయుక్త కలెక్టరు కూర్చోవడానికి చోటు ఇవ్వవలసిన పని దేవుడిది కాదు. అది ప్రభుత్వ బాధ్యత, జనం కట్టే పన్నులతో తీరవలసినది. యాత్రికుడు గది దొరక్క తిరుచానూరు రోడ్డు పక్కన పడుకుంటుంటే, అతని కోసం కట్టిన గదుల్లో ఫైళ్లు పడుకోవడం ఏ లెక్కలో చూసినా సరిపోదు.

కొత్తగా పెద్ద పెద్ద పథకాలు అడగనక్కర్లేదు. ఏ ప్రభుత్వ భవనానికైనా శంకుస్థాపనకు ముందే స్థలం చేతిలో ఉండాలి, మొదటి ఏడాది సొమ్ము బడ్జెట్‌లో ఉండాలి. కడుతున్న చోట రోడ్డు మీదికి కనబడేలా బోర్డు పెట్టాలి: అంచనా ఎంత, ఇప్పటిదాకా కాంట్రాక్టరుకు పడిన బిల్లు ఎంత, ఎన్ని అంతస్తులు లేచాయి, పూర్తిచేసే తేదీ ఏది. ఆ తేదీ దాటితే ఎందుకు దాటిందో కూడా రాయాలి. ఈ వివరాలన్నీ ఆర్‌అండ్‌బీ ఏఈ దగ్గర కొలతల పుస్తకంలో ఉంటాయి. అక్కడి నుంచి బోర్డు మీదికి రావడానికి ఒక పెయింటరు చాలు. మంత్రుల పేర్లు, ఎమ్మెల్యేల పేర్లు చెక్కిన నల్ల రాయికి పెట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు కూడా కాదు. పేర్ల మార్పిడి సంగతీ అంతే. వారధి అన్నా, సేతు అన్నా దాని మీద పోయే బస్సు ఒకటే. పేరు మార్చడానికి పెట్టే కష్టంలో సగం పెండింగు బిల్లుల మీద పెడితే మదనపల్లెలో ఈపాటికి కాలేజీ గంట మోగేదేమో.

ఉమ్మడి చిత్తూరు జిల్లా ప్రతినిధులు, పార్టీ ఏదైనా, శాసనసభలో రాతపూర్వక ప్రశ్న ఒకటి వేయాలి: తిరుపతి జిల్లా కలెక్టరేట్‌కు సొంత భవనం ఎక్కడ కడతారు, ఎంత సొమ్ముతో, ఏ తేదీకి? పద్మావతి నిలయాన్ని యాత్రికులకు ఎప్పుడు తిరిగి ఇస్తారు? అధికార పక్షం వాళ్లు వేసినా, ప్రతిపక్షం వాళ్లు వేసినా జవాబు అందరికీ పనికొస్తుంది. వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు ఆ ప్రశ్న పడకపోతే, సోమవారం అర్జీలతో తిరుచానూరు వెళ్లేవాళ్లు తమ అర్జీల్లో ఇంకొక కాగితం చేర్చి కలెక్టరుకే ఇవ్వాలి.